నాలుగుసార్లు ఓడిన ప్రశ్నకర్త



పోయిన నెలలో ఒక సాయంకాలం మా ఇంటి పిల్లలు సెల్‌ఫోనులో ఒక పాత టెలివిజన్ కార్యక్రమం పెట్టి చూపించారు. ఇంగ్లాండులో బి.బి.సి. వారు 1971లో ప్రసారం చేసినది. ప్రశ్నలు అడిగేది మైకేల్ పార్కిన్సన్, జవాబులు చెప్పేది ముహమ్మద్ అలీ. ఒకరి ముఖం మీద ఒకరు గుద్దుకొనుటలో వేడుక ఏమున్నదో మాకు నేటికీ అర్థం కాదు. అయినా చివరి వరకు కదలకుండా చూశాము.

పార్కిన్సన్ గారు యార్క్‌షైర్‌లో బొగ్గుగని కార్మికుని కుమారుడు. అలీ 1942లో అమెరికాలోని లూయివిల్ పట్టణంలో పుట్టిన నల్లజాతి బిడ్డ. అప్పటి పేరు కాసియస్ క్లే. తల్లి ఒడెస్సా బాప్టిస్టు సంఘపు భక్తురాలు. తండ్రి బోర్డులు వ్రాసే పెయింటరు, చర్చి గోడల మీద కూడా బొమ్మలు వేసేవారు. ఆ ఇంటి బిడ్డ 1964లో ఇస్లాంలో చేరినట్లు ప్రకటించి పేరు మార్చుకున్నారు.

ఎందుకో ఆ సంభాషణలో కొంత తెలుస్తుంది. చిన్నతనంలో తల్లిని అడిగేవారట: యేసు ప్రభువు తెల్లగా, నీలి కళ్లతో ఎందుకున్నాడు? ప్రభురాత్రి భోజనపు బల్ల దగ్గర అందరూ తెల్లవారేనా? దేవదూతలూ తెల్లవారేనా? మరి నల్ల దేవదూతలు ఎక్కడున్నారు, వంటింట్లో పని చేస్తున్నారా? సభలోనివారు పగలబడి నవ్వారు. మేమూ నవ్వాము. తరువాత తల ఎత్తి మా గోడమీది క్యాలెండరు చూస్తే నవ్వు ఆగిపోయింది. అందులోని ప్రభువుకూ బంగారు రంగు జుట్టే, నీలి కళ్లే. యూదయ దేశపు ఎండలో కాలినడకన తిరిగినవాడు అలా ఉండి ఉంటాడా అని ఇన్నేళ్లలో మేము ఒక్కసారి కూడా అడుగలేదు. ఆదివారపు బడిలో ఏ పిల్లవాడైనా అడిగితే "ఊరుకో" అనే ఉంటాము.

రెండవసారి కలిసింది 1974లో. ఆ యేడు అక్టోబరు 30న కిన్షాసాలో జార్జి ఫోర్‌మన్‌ను 8వ రౌండులో పడగొట్టి అలీ మళ్లీ ప్రపంచ ఛాంపియన్ అయ్యారు. పార్కిన్సన్ గారు బడ్ షుల్‌బర్గ్ అనే రచయిత పుస్తకంలోని మాట ఒకటి ఎత్తారు. తెల్లవారందరూ చెడ్డవారంటారే, మీ స్నేహితులలో తెల్లవారు ఉన్నారు గదా అని. అలీ భగ్గుమన్నారు. ఇది నన్ను పట్టుకొనే ఉచ్చు, నన్ను మూలకు నెట్టే జ్ఞానం నీకు లేదని ముఖం మీదనే అనేశారు. ఆయన శిక్షకుడు ఏంజెలో డండీ తెల్లవాడే. కనుక ప్రశ్న న్యాయమైనదే అని మా అభిప్రాయం. 1975 తరువాత అలీ కూడా ఆ బోధ విడిచిపెట్టారు. అయితే అలీకి చదవడం చిన్నప్పటి నుండి చాలా కష్టం. అటువంటివాని ఎదుట, లోకమంతా చూస్తుండగా, పుస్తకం తెరిస్తే ఎలా ఉంటుంది? వాక్యం చదవమనగానే కళ్లజోడు మరచి వచ్చానని చెప్పే పెద్దలు మన సంఘాలలో లేరా?

పార్కిన్సన్ గారి తండ్రి మాత్రం, "వాణ్ణి ఒక్కటి ఎందుకు పీకలేదురా?" అన్నారట. ఆ సంగతి కుమారుడే నవ్వుతూ చెప్పుకునేవారు.

1977లో మరొకసారి, 1981లో చివరిసారి కలిశారు. అప్పటికి అలీ లారీ హోమ్స్ చేతిలో దెబ్బలు తిని ఉన్నారు. మాట నెమ్మదించింది. పదేళ్ల క్రితం సభను ఊపివేసిన నోరు అదేనా అనిపిస్తుంది. ఆయన వైద్యుడు ఫెర్డీ పచేకో ఇక మానుకొమ్మని చెప్పి, వినకపోతే 1977లోనే విడిచి వెళ్లారు. అయినా 1981 డిసెంబరులో అలీ ఇంకొకసారి బరిలోకి దిగి ఓడిపోయారు. 1984లో పార్కిన్సన్స్ వ్యాధి లక్షణాలని వైద్యులు తేల్చారు. ప్రశ్నకర్త పేరే ఆ వ్యాధికీ ఉండడం కేవలం కాకతాళీయం.

నాలుగుసార్లు కలిశాను, నాలుగుసార్లూ ఓడిపోయానని పార్కిన్సన్ గారు చెప్పేవారు. అలీ 2016 జూన్ 3న, ఆయన 2023 ఆగస్టులో కన్నుమూశారు.

మా చిన్నది క్యాలెండరు దగ్గర నిలబడి అదే ప్రశ్న మళ్లీ అడిగింది. ఊరుకో అనలేదు. మేమూ పక్కకు వెళ్లి చూశాము.