మునిగేలోపు చూసొద్దామా?

పాపికొండల యాత్ర వేద్దామని మన సంఘం గ్రూపులో పెట్టిన పోస్టరు చూశాం. ఫొటో బాగుంది, మనిషికి చెప్పిన రేటూ ఫరవాలేదు. కింద రాసిన మాట ఒక్కటే మాకు మింగుడు పడలేదు: "మునిగిపోయేలోపు చూసేద్దాం!"

ఆ ఫొటోలోది పేరంటాలపల్లి. గోదావరి కొండల నడుమ సన్నగా ఒదిగి వెళ్ళే దారిలో, ఒడ్డున దిగి మెట్లెక్కితే వస్తుంది. బాలానందస్వామి పేరుతో ముడిపడిన శ్రీరామకృష్ణ మునివాటం, శివాలయం, కొండ మీంచి దిగే సెలయేరు, వెదురుతో పువ్వులూ బొమ్మలూ చేసి అమ్మే కొండరెడ్లు. గండిపోచమ్మ గుడి దగ్గర బయలుదేరే పడవలూ, భద్రాచలం వైపు పోచవరం నుంచి వచ్చే పడవలూ అక్కడ ఆగుతాయి. జనం దిగి, దణ్ణం పెట్టుకుని, ఫొటోలు తీసుకుని, వెదురు పువ్వుని సగం ధరకి బేరమాడి మళ్ళీ పడవెక్కుతారు. మేమూ ఒకసారి ఆడాం, దాచుకోవడమెందుకు.

పోలవరం జలాశయాన్ని పూర్తి మట్టం 150 అడుగులకు నింపితే ఆ ఊరు ముంపులోకి పోతుంది. ప్రాజెక్టు మొత్తం మీద కదలవలసిన కుటుంబాలు లక్షకు పైనే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఆ తీరపు పల్లెలకు ముంపంటే ఏమిటో ముందే తెలిసొచ్చింది. కాలనీలో ఇల్లు కట్టిస్తారు, సరే. అడవినీ పోడునీ నమ్ముకున్నవాళ్ళు రేపు వెదురు ఎక్కణ్ణించి తెచ్చుకోవాలి?

ఇది సౌకార్‌పేటలో ఉన్న మనకి అర్థం కాని సంగతి కాదు. 1953 అక్టోబరు 1న మన పెద్దవాళ్ళు గోవిందప్పనాయకన్ వీధిలో కొట్టు తలుపులు తీసేసరికి ఆంధ్ర రాష్ట్రం విడిగా ఏర్పడింది. వాళ్ళు ఎక్కడికీ వెళ్ళలేదు, సరిహద్దే జరిగింది. పేరంటాలపల్లికీ 2014లో అదే జరిగింది. పోలవరం ముంపు ప్రాంతమని ఖమ్మం జిల్లా మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు, దాంతో ఉన్నచోటే రాష్ట్రం మారింది. కాకపోతే మనల్ని ఎవరూ కొట్టు ఖాళీ చెయ్యమనలేదు. వాళ్ళని ఊరే ఖాళీ చెయ్యమంటున్నారు.

ప్రాజెక్టు వద్దని మేం అనడం లేదు. మద్రాసులో ఉండి ఆ మాట అనే మొహం మనకి లేదు. 1996 నుంచి పూండి చెరువుకి కృష్ణ నీళ్ళు వస్తున్నాయి, అవే మన కొళాయిల్లోనూ కలుస్తున్నాయి. శ్రీశైలం జలాశయం నుంచి వచ్చే నీళ్ళవి. ఆ జలాశయం అడుగున కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలున్నాయి. ఇన్నేళ్ళూ బిందెలు నింపుకున్నాం కదా, వాటిలో ఒక్క ఊరి పేరైనా మనలో ఎవరికైనా తెలుసా? మాకూ తెలియదు.

అందుకే యాత్ర మానమని కాదు, వెళ్దాం. పిల్లల్నీ తీసుకెళ్దాం. కానీ చావుబతుకుల్లో ఉన్న మనిషిని చూసిరావడానికి వెళ్తూ పోస్టరు మీద ఆశ్చర్యార్థకం పెట్టుకుంటామా? అరగంట ఆగి వచ్చెయ్యకుండా, అక్కడివాళ్ళకి ఇబ్బంది లేకుంటే ఒక పూటంతా ఉందాం. ముంపు పరిహారం ఎంతవరకు అందిందో, ఎక్కడికి వెళ్ళమన్నారో వాళ్ళనే అడిగి, తిరిగొచ్చాక సంఘం సమావేశంలో చెబుదాం. వెదురు పువ్వులకి అడిగినంత ఇద్దాం. తాగిన సీసాలు మన సంచుల్లోనే వెనక్కి తెచ్చుకుందాం.

ఇంకోటి, ఇది బతిమాలి చెప్పేది కాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగి 50 మంది దాకా పోయారు. ఉక్కగా ఉందనో, ఫొటోలో బాగోదనో లైఫ్ జాకెట్ విప్పేవాళ్ళు మన జట్టులో ఉండకూడదు, ఎంత పెద్దవాళ్ళయినా సరే. నది పోటు మీదుంటే టిక్కెట్టు డబ్బులు పోయినా వెనక్కి వచ్చేద్దాం.

పోస్టరు తిరగరాయించి ఆ ఒక్క వాక్యం తీసేయండి. ఆ తర్వాత మా నాలుగు పేర్లూ ముందే రాసుకోండి.