మిరప కల్లంలో పొడుపు కథ

జనవరి వచ్చిందంటే ప్రత్తిపాడు చుట్టుపక్కల ఊళ్లలో తెల్లవారకముందే కూలి ఆటోలు కదులుతాయి. స్త్రీలు ఒకరినొకరు ఒరుసుకుని కూర్చుంటారు, ఒళ్లో అన్నం క్యారేజీలు, తలకు తువ్వాళ్లు. ఊరి పేరులో పత్తి ఉన్నా ఈ నల్లరేగడిలో మిరపకూ అంతే చోటుంది. కాయ కోయాలి, కల్లంలో ఆరబోయాలి, తాలుకాయ ఏరాలి, తొడిమ తుంచాలి, టిక్కీలకెత్తాలి. ఒక కోత ముగిసేసరికి రెండో కోత సిద్ధం. నిన్నటి పనే ఇవాళ, ఇవాళ్టి పనే రేపు. రాత్రికి చేతుల మంట. సూర్యుడు ఉదయించి, అస్తమించి, మళ్లీ ఉదయించే చోటికే త్వరపడడం చూసి ప్రసంగి నిట్టూర్చాడు (ప్రసంగి 1:5). ఆయన రాజు గనుక నిట్టూర్చే తీరిక దొరికింది.

అలాంటి ఒక కల్లానికి సంఘ పెద్దలం ముగ్గురం వెళ్లాం. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు స్త్రీలు తగ్గిపోతున్నారు, కారణం కనుక్కుందామని మా ఉద్దేశం. దూరానికే నవ్వులు వినిపించాయి. మేం దగ్గరికి రాగానే ఆగిపోయాయి. ‘‘పని చేసుకుంటూ ఒక కీర్తన పాడుకోవచ్చు కదమ్మా, ఏమిటా ఇకిలింపులు?’’ అన్నాం. అందరూ తలలు వంచుకున్నారు. ఒక పెద్దావిడ మాత్రం తొడిమలు తుంచుతూనే, ‘‘పొడుపు కథలు వేసుకుంటన్నాం అయ్యా. ఇది విప్పండి చూద్దాం. ఎర్రటి కల్లంలో తెల్ల కొంగలు దిగినయ్. గింజ తినవు, కాయ ఏరవు, కాసేపు నిలబడి బుద్ధి చెప్పి ఎగిరిపోతయ్. ఏంటియ్యి?’’ అంది.

మేం ముగ్గురం తెల్లచొక్కాల్లో ఉన్నామన్న సంగతి మాకు కాస్త ఆలస్యంగా తట్టింది.

తిరుగుదారిలో మాలో ఒకరికి కోపం. ‘‘పోకిరిమాటలు, సరసోక్తులు తగవని పౌలు రాయలేదా?’’ (ఎఫెసీ 5:4) అన్నారు. రాశాడు. కానీ ఆ వచనం ముందూ వెనకా చదివితే అపవిత్రత గురించి, బూతుల గురించి హెచ్చరిస్తున్నాడని తెలుస్తుంది. కల్లంలో మేం విన్నది బూతు కాదు. మా గురించి నిజం. పెద్దవాడినయ్యాక పిల్లవాని చేష్టలు మానుకున్నానని కూడా పౌలే అన్నాడు (1 కొరింథీ 13:11). మన సంఘాలు ఆ మాటను గట్టిగా పట్టుకున్నాయి. సండేస్కూల్లో చేతులూపుతూ, గెంతుతూ పాడిన పిల్లే పెళ్లయి మందిరంలో చాప మీద కూర్చోగానే రాయిలా కదలకుండా ఉండాలి. అక్కడ పౌలు చెప్పింది మన జ్ఞానం అసంపూర్ణమని, ప్రేమే శాశ్వతమని. ఆటల మీద ఆయన తీర్పేమీ ఇవ్వలేదు.

యేసుప్రభువు మాటలే చూద్దాం. ఆయన వడ్లవాడు (మార్కు 6:3). బోధ మొదలుపెట్టేనాటికి సుమారు ముప్ఫయ్యేళ్లు (లూకా 3:23). చెక్క చెక్కడం, దూలం మోయడం, కంట్లో పడ్డ నలుసు తీసుకోవడం, మళ్లీ చెక్కడం. ఆ పనిలో ఎన్నేళ్లు గడిచాయో సువార్తలు చెప్పవు. కానీ కొండమీద ప్రసంగంలో ఒకడు తన కంట్లో దూలం పెట్టుకుని పక్కవాడి కంట్లో నలుసు తీస్తానని బయలుదేరతాడు (మత్తయి 7:3-5). ఇది పనివాళ్ల మధ్య పుట్టే హాస్యం. మనం దాన్ని ఎంత గంభీరంగా చదువుతామంటే, విన్నవాళ్లు ఆ రోజు నవ్వి ఉంటారన్న ఊహే మనకు రాదు. దోమను వడగట్టి ఒంటెను మింగేవాళ్ల సంగతీ అంతే (మత్తయి 23:24).

సామెతల గ్రంథంలో జ్ఞానం ప్రధానశిల్పిలా దేవుని పక్కనుండి అనుదినం ఆయన సన్నిధిలో ఆనందించిందని ఉంది (8:30). ఆ ఆనందానికి హెబ్రీలో వాడిన మాటకు ఆడుకోవడమన్న అర్థమూ ఉంది. యెరూషలేము వీధుల్లో మగపిల్లలు, ఆడపిల్లలు ఆడుకుంటారని జెకర్యా చెప్పినప్పుడు (8:5) వాడిందీ అదే మాట. శిల్పం, అనుదినం, ఆట, మూడూ ఒకే వచనంలో ఉన్నాయి. మనం మాత్రం ఆటను కోత పండుగ రోజుకు దాచిపెడతాం. ఆ ఒక్కరోజు సొరకాయను వేలంలో పెడితే పాటదారులు ఒకరినొకరు కవ్వించుకుంటారు, కొన్నవాడు మళ్లీ సంఘానికే ఇచ్చేస్తాడు, అదే సొరకాయ మూడుసార్లు అమ్ముడవుతుంది. అందరూ నవ్వుతారు, కానుకా పెరుగుతుంది. మర్నాటి నుంచి మళ్లీ మూతి బిగింపు!

ఆట అంటే పని ఎగ్గొట్టడమే అనుకునేవారు గుర్రం జాషువాను తలచుకోవాలి. 1895లో వినుకొండలో పుట్టిన ఆ కవి బతుకుదెరువు కోసం రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చెప్పే పని చేశారు. తెరమీద బొమ్మలు కదులుతుంటే పక్కనుండి మాటలు పలకాలి. తర్వాత గుంటూరులో లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో ఉద్యోగం, ఆపైన తెలుగు పండితుని ఉద్యోగం. అదే గంట, అదే పాఠం. ఆ రోజుల్లోనే, 1941లో, ‘గబ్బిలం’ వచ్చింది. కాళిదాసు మేఘాన్ని దూతగా పంపితే, ఈయన తలకిందులుగా వేలాడే గబ్బిలాన్ని పంపారు. ఎంత కొంటె ఊహ! గుడిలోకి రానివ్వని మనిషి మొర దేవుని చెవిన వేయడానికి గుడిలో కాపురముండే గబ్బిలం కంటే తగిన దూత ఎవరు? ఆ కొంటెతనమే లేకపోతే ఆ బాధ అంతలా గుచ్చుకునేది కాదు.

ఒక్క మాట జాగ్రత్తగా చెప్పాలి. పొడుపు కథ కూలి రేటు పెంచదు, అప్పు తీర్చదు. నవ్వుతున్నారు గదా, కష్టమేముందిలే అనుకునే ఆసాములూ ఉంటారు, అనుకునే సంఘపెద్దలూ ఉంటారు. చేతుల మంటకు మందు, ఇవ్వాల్సిన కూలి, ఇవి ఇవ్వాల్సినవాళ్లు ఇవ్వాల్సిందే. ఆ కల్లంలో ఆట ఆ స్త్రీలది. వాళ్ల రోజంతా ఇంకొకరికి అమ్ముడైపోయాక అమ్మకుండా మిగుల్చుకున్నది అదొక్కటే. దాన్నీ మేం మందలించి ఆపబోయాం.

ప్రార్థనకు ఎందుకు రావడం లేదో ఆ రోజు అడగకుండానే వచ్చేశాం. మరుసటి వారం మళ్లీ వెళ్లాం. ఈసారి పాతచొక్కాలు వేసుకున్నాం. గంటసేపు కూర్చుని తొడిమలు తుంచాం. మా వేళ్లు వాళ్ల వేళ్లలో సగం వేగంతోనైనా కదల్లేదు. కోపగించుకున్న పెద్దాయన కళ్లు నలుపుకుని నానా అవస్థపడితే వాళ్లే నీళ్లు పోసి కడిగారు. ‘‘శుక్రవారం పగలు పెడితే ఎట్టా వచ్చేది అయ్యా? పొద్దుగూకినాక పెట్టండి’’ అన్నారు. అంతే కారణం. లేచి వస్తుంటే ఆ పెద్దావిడ వెనక్కి పిలిచింది.

‘‘పొద్దున మాతోటే చేలో దిగిద్ది, మాతోటే వంగిద్ది, మాతోటే లేచిద్ది. కూలి మాత్రం అడగదు. ఏంటది?’’

మా ముగ్గురికీ జవాబు తట్టలేదు. శుక్రవారం చీకటిపడ్డాక ప్రార్థనకు వచ్చినప్పుడు చెబుతానంది.