లేడీ ట్రైనర్ ఉంటే సరిపోదు

జిమ్‌లో చేరడానికి ఆడవాళ్లు వచ్చినప్పుడు, వెంట వచ్చిన అమ్మో, భర్తో ముందుగా అడిగే మాట ఒకటే. ‘లేడీ ట్రైనర్ ఉన్నారా?’ ఉన్నారంటే చాలు, ఫీజు కట్టేస్తారు. ఆ ట్రైనర్ ఏం చదివారు, ఆడవాళ్ల శరీరం గురించి ప్రత్యేకంగా ఏమైనా నేర్చుకున్నారా అని అడిగినవాళ్లను, నా పన్నెండేళ్ల వృత్తిలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

నిజానికి అడగాల్సింది ఆ రెండో ప్రశ్నే. ఇది ఇంకొకరిని తప్పుపట్టి చెప్పడం లేదు. ట్రైనర్‌గా చేరిన కొత్తలో ఒకావిడ నా దగ్గరికి వచ్చారు. సిజేరియన్ అయి నాలుగు నెలలు. ‘పొట్ట తగ్గాలి మేడమ్’ అన్నారు. రోజూ క్రంచెస్, స్కిప్పింగ్ చేయించాను. మూడో వారం నుంచి రావడం మానేశారు. బద్ధకం అనుకున్నాను. చాన్నాళ్లకు ఎక్కడో కలిసినప్పుడు చెప్పారు, గెంతినప్పుడల్లా మూత్రం చుక్కలు పడేవని, సిగ్గేసి మానేశానని. నేనూ ఆడదాన్నే. అయినా ఆవిడ నాతో చెప్పుకోలేకపోయారు. ఎందుకంటే నేను అడగలేదు. అడగాలని నాకే తెలియదు.

మహిళల ఫిట్‌నెస్‌లో స్పెషాలిటీ సర్టిఫికెట్ కోర్సు చేశాకే నా తప్పు తెలిసొచ్చింది. గర్భంతో పొట్ట పెరిగినప్పుడు పొట్ట కండరాలు మధ్యలో ఎడమవుతాయి. మూత్రసంచిని, గర్భసంచిని కింది నుంచి ఊయలలా మోసే పెల్విక్ ఫ్లోర్ కండరాలు బలహీనపడతాయి. అవి కోలుకున్నాయో లేదో చూడకుండా గెంతులు వేయిస్తే, మంచికి బదులు చెడు జరగవచ్చు. ముందు శ్వాస, ఆ కండరాలను బిగించి వదలడం, ఆ తర్వాత మెల్లగా బరువులు. వరుస అది.

ఇవన్నీ మామూలు ట్రైనర్ కోర్సులో లోతుగా చెప్పరు. కేంద్ర నైపుణ్య వ్యవస్థ కింద ఉన్న ఫిట్‌నెస్ ట్రైనర్ కోర్సు కానీ, ప్రైవేటు అకాడమీల కోర్సులు కానీ పునాది వేస్తాయి. స్పెషాలిటీ దానిపైన కట్టుకునే అంతస్తు. అమెరికాలోని నేషనల్ అకాడమీ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ వంటి సంస్థలు మహిళల ఫిట్‌నెస్‌కు విడిగా కోర్సు నడుపుతున్నాయి. గర్భం, ప్రసవం తర్వాతి దశ, మెనోపాజ్ వంటి మలుపుల్లో వ్యాయామాన్ని ఎలా మార్చాలో ఇలాంటి చదువులోనే తెలుస్తుంది.

మన దగ్గర ఈ చదువు ఎంత అవసరమో చెప్పడానికి రెండు అంకెలు చాలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రతి వంద కాన్పుల్లో దాదాపు 61, ఆంధ్రప్రదేశ్‌లో 42 సిజేరియన్లు. పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి రక్తహీనత. అంటే జిమ్‌కు వచ్చే తల్లుల్లో చాలామంది కడుపు మీద ఆపరేషన్ గాటు ఉన్నవాళ్లే. ట్రెడ్‌మిల్ మీద ఐదు నిమిషాలకే ఆయాసపడే మనిషికి కావాల్సింది ‘స్టామినా లేదండీ, ఇంకా పరిగెత్తండి’ అనే ట్రైనర్ కాదు. ‘ఒకసారి హిమోగ్లోబిన్ చూపించుకోండి’ అనే ట్రైనర్.

తెలియనితనం ఇంకో వైపు కూడా దెబ్బతీస్తుంది. ఆడవాళ్లనగానే గులాబీ రంగు చిన్న డంబెల్స్ చేతికిచ్చి, జుంబాతో సరిపెట్టేస్తారు. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గి ఎముకలు వేగంగా పలచబడతాయి. ఆ వయసులో కావాల్సింది బరువులెత్తే వ్యాయామమే. గర్భిణులకైతే ‘ఇంట్లో కదలకుండా కూర్చోండి’ అని చెప్పి పంపేస్తారు. ఇబ్బందులేవీ లేని గర్భిణులు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది. భయపెట్టడం సులువు, సరిగ్గా చేయించడానికే చదువు కావాలి.

‘మా అమ్మమ్మలు ఏ సర్టిఫికెట్ చూసి రోకలి పట్టారు?’ అని అడిగేవాళ్లున్నారు. నిజమే. కానీ బాలింతకు నడికట్టు కట్టి, కొన్నాళ్లు బరువు పనులకు దూరంగా ఉంచడం కూడా ఆ ఇళ్లలోనే ఉండేది. అలాగే గర్భసంచి జారినా నోరు విప్పకుండా భరించిన అమ్మమ్మలూ ఉన్నారు. వాళ్ల ఓర్పును మెచ్చుకుందాం. మన ఆడపిల్లలకు మాత్రం అది వారసత్వంగా ఇవ్వొద్దు.

సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన అందరూ నిపుణులైపోరన్నదీ ఒప్పుకోవాల్సిందే. డాక్టర్లకు ఉన్నట్టు ట్రైనర్లకు మన దగ్గర లైసెన్సు విధానం లేదు. వారాంతంలో కూర్చోబెట్టి కాగితం చేతిలో పెట్టే కోర్సులూ ఉన్నాయి. ‘మీ హార్మోన్లు నేను సరిచేస్తా’, ‘పీసీఓఎస్ తగ్గిస్తా’ అనే ట్రైనర్ గోడ మీద ఎన్ని సర్టిఫికెట్లున్నా అక్కడి నుంచి లేచి రండి. మంచి కోర్సు నేర్పే మొదటి పాఠం తన హద్దు తెలుసుకోవడం. ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు గైనకాలజిస్టు దగ్గరికో, ఫిజియోథెరపిస్టు దగ్గరికో పంపాలి అన్నదే అన్నిటికంటే పెద్ద విద్య.

జిమ్ యజమానులకు ఒక మనవి. మీ సభ్యుల్లో ఆడవాళ్లు పెరుగుతున్నారు. కోర్సు ఫీజు ట్రైనర్ జీతానికి భారమే. అందులో కొంతైనా మీరు భరించండి. మగ ట్రైనర్లనూ చదివించండి. ఇది చదువుకు సంబంధించిన విషయం, ఆడామగా తేడాకు కాదు.

కుటుంబాలకు చెప్పేది ఇంకా సులువు. ట్రైనర్‌ను మీరు ప్రశ్నలు అడగండి, అంతకంటే ముఖ్యంగా ఆ ట్రైనర్ మిమ్మల్ని ఏం అడుగుతున్నారో గమనించండి. కాన్పులెన్ని, ఆపరేషన్లేమైనా అయ్యాయా, నెలసరి ఎలా ఉంది, తుమ్మినా దగ్గినా ఇబ్బందవుతోందా, ఏ మందులు వాడుతున్నారు? మొదటి రోజే ఇవన్నీ మర్యాదగా, విడిగా కూర్చోబెట్టి అడిగారంటే సరైన చోటికే వచ్చారు. బరువు చూసి, డబ్బు కట్టించుకుని నేరుగా మెషీన్ ఎక్కించారంటే, అది లేడీ ట్రైనరైనా సరే, ఇంకో జిమ్ చూసుకోండి.