చవకగా వచ్చే పంచింగ్ యంత్రం నిజంగా చవకేనా?

మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోని బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి ప్రాంతాల్లో రేకు పని చేసే చిన్న పరిశ్రమలు ఇప్పుడొక చిక్కు లెక్క ముందు నిలబడి ఉన్నవి. ఒకప్పుడు హెచ్.ఏ.ఎల్., ఇ.సి.ఐ.ఎల్. వంటి ప్రభుత్వ సంస్థలు ఇచ్చే ఆర్డర్లను నమ్ముకొని ఇవి పెరిగాయి. చేతితో నడిపే పవర్ ప్రెస్సు, షీరింగ్ మిషను, ఒక డ్రిల్లు ఉంటే షెడ్డు నడిచేది. నేడు ఎలక్ట్రికల్ ప్యానెల్ బోర్డులు, మీటరు పెట్టెలు కొనేవారు అంతటితో తృప్తి పడటం లేదు. నూరు పెట్టెలు చేస్తే నూరింటిలోనూ రంధ్రాలు ఒకే చోట ఉండాలంటున్నారు. డ్రాయింగు ఇవాళ మారితే రేపటికి సరుకు కావాలంటున్నారు.

ఈ గిరాకీని తట్టుకోవడానికి సి.ఎన్.సి. టరెట్ పంచ్ ప్రెస్సు కొనాలన్న ఆలోచన చిన్న యజమానులకు కలగడం సహజం. కొత్త యంత్రం ధర వారికి అందనంత ఎత్తులో ఉంటుంది. అందువల్ల విదేశాల్లో పదిహేను, ఇరవై ఏళ్లు పనిచేసి దిగుమతి అయ్యే సెకండ్ హ్యాండ్ యంత్రాలవైపు చూపు మళ్లుతుంది. కొత్తదాని ధరలో కొద్ది భాగానికే వస్తున్నదంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. కాని కొన్ననాటి ధర ఒక్కటే చూసి యంత్రం చవక అనడానికి లేదు. నెలకు ఎన్ని గంటల పని దొరుకుతుంది, ఎన్ని పనిముట్లు కావాలి, చెడిపోతే ఎవరు బాగు చేస్తారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు వచ్చాకే అది చవకో కాదో తేలుతుంది.

యంత్రం చేసే పని

టరెట్ అంటే ఒకదానిపై ఒకటి అమర్చిన రెండు గుండ్రటి చక్రాలు. పై చక్రంలో పంచిలు, కింది చక్రంలో వాటికి సరిపోయే డైలు ఉంటాయి. రేకును క్లాంపులు పట్టుకొని అటూ ఇటూ జరుపుతాయి. కంప్యూటరు చెప్పిన కొలత దగ్గర రేకు ఆగగానే, కావలసిన పంచి చక్రంతోపాటు తిరిగి సుత్తి కిందికి వస్తుంది, దెబ్బ పడుతుంది. ఒకే బిగింపులో గుండ్రటి రంధ్రం, చతురస్రం, గాలి ఆడే లూవర్లు, కేబుల్ కోసం విరుచుకునే నాకౌట్లు అన్నీ పూర్తవుతాయి.

దీనివల్ల మరొక మేలు కూడా ఉన్నది. చేతితో రేకు అందించే పాత పవర్ ప్రెస్సుల వద్ద వేళ్లు పోగొట్టుకునే ప్రమాదం కార్మికులకు ఎప్పుడూ పొంచి ఉంటుంది. యంత్రాల ప్రమాదకర భాగాలకు రక్షణ కవచం ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. టరెట్ ప్రెస్సులో రేకును జరిపేది యంత్రమే కనుక కార్మికుని చేయి దెబ్బ పడే చోటికి వెళ్లవలసిన అవసరం లేదు. లాభనష్టాల లెక్కలో ఈ అంశాన్ని కూడా చేర్చుకోవాలి.

ఎన్ని టన్నులు కావాలి?

అమ్మేవారు ముప్పై టన్నుల యంత్రం గొప్పదంటారు. మనకు అంత కావాలో లేదో తెలుసుకోవడానికి చిన్న గుణకారం చాలు. రంధ్రం చుట్టుకొలతను రేకు మందంతో హెచ్చించి, దాన్ని ఆ లోహపు కోత బలంతో హెచ్చించాలి. మామూలు ఇనుప రేకుకు ఈ బలం చదరపు మిల్లీమీటరుకు సుమారు 35 కిలోలు. ప్యానెల్ బోర్డుల్లో పుష్ బటన్ కోసం వేసే 22.5 మి.మీ. రంధ్రాన్ని 1.6 మి.మీ. రేకులో కొట్టడానికి నాలుగు టన్నులు సరిపోతాయి. 3 మి.మీ. రేకులో 50 మి.మీ. రంధ్రానికి పదహారున్నర టన్నులు కావాలి. అదే రంధ్రం స్టెయిన్‌లెస్ స్టీలులో అయితే కోత బలం 50 కిలోలుగా లెక్కించినా ఇరవై మూడు టన్నులు దాటుతుంది.

మీటరు కోసం తీసే పెద్ద కిటికీలను ఒకే దెబ్బతో కొట్టనక్కరలేదు, చిన్న పంచితో వరుసగా కొట్టుకుంటూ పోవచ్చు. కనుక పలుచటి ఇనుప రేకుతో బోర్డులు చేసేవారికి ఇరవై టన్నుల యంత్రం చాలు. హోటళ్ల వంటగది సామానుకో, ఆస్పత్రి సామానుకో మందపాటి స్టెయిన్‌లెస్ రేకు వాడేవారికి మాత్రం ముప్పై టన్నులు అవసరం. టన్నులకన్నా ముందు చూడవలసింది బల్ల కొలత. 1250 × 2500 మి.మీ. రేకులు వాడేవారు చిన్న బల్ల యంత్రం కొంటే ప్రతి రేకునూ మళ్లీ మళ్లీ పట్టి జరపవలసి వస్తుంది. జరిపినప్పుడల్లా కాలం పోతుంది, కొలత తప్పే అవకాశమూ పెరుగుతుంది.

కిస్తీ చెప్పే నిజం

ఒక ఉదాహరణ చూద్దాం. యంత్రం కోసం 40 లక్షల రూపాయలు 11 శాతం వడ్డీకి, ఐదేళ్ల గడువుకు అప్పు తెచ్చారనుకుందాం. నెల కిస్తీ దాదాపు రూ. 87 వేలు అవుతుంది. నెలకు 120 గంటలు యంత్రం నిజంగా దెబ్బలు కొడితే గంటకు కిస్తీ భారం రూ. 725. సొంత ఆర్డర్లు తక్కువై 40 గంటలే నడిస్తే అదే భారం గంటకు రూ. 2,175కు పెరుగుతుంది. ఆపరేటర్ జీతం, కరెంటు, పంచిల సానబెట్టుడు, మరమ్మతులు దీనికి అదనం. ధరలో సగానికి వచ్చిన యంత్రమైనా మూడో వంతు కాలమే నడిస్తే కొన్నవాడికి ఖరీదైనదే.

కాబట్టి కొటేషన్ అడగడానికి ముందే యజమాని తన గత ఆరు నెలల డ్రాయింగులు ముందేసుకొని, ఎన్ని రేకులు, ఒక్కో రేకుకు ఎన్ని రంధ్రాలు, ఎన్ని రకాల రంధ్రాలు అని లెక్కించడం ఎంతైనా అవసరం. ఈ లెక్కకు కన్సల్టెంటు అక్కరలేదు, ఒక నోటు పుస్తకం చాలు.

సెకండ్ హ్యాండ్ యంత్రంలో చూడవలసినవి

పాత యంత్రంలో ఇనుము గట్టిగానే ఉంటుంది. ముందుగా మొరాయించేది కంట్రోలు. యంత్రానికి సంబంధించిన పారామీటర్లు చాలా పాత కంట్రోళ్లలో బ్యాటరీ మీద ఆధారపడి నిలుస్తాయి. ఓడలో, గోదాములో నెలల తరబడి పడి ఉన్నప్పుడు బ్యాటరీ అయిపోతే అవి చెరిగిపోతాయి. వాటి నకలు చేతికి వచ్చిన తరువాతే డబ్బు చెల్లించాలి. ఆ కంట్రోలు కార్డులు, డ్రైవులు ఇప్పటికీ దొరుకుతున్నాయా, హైదరాబాదులో వాటిని బాగు చేసేవారు ఉన్నారా అన్నది రెండో విచారణ.

మూడోది టరెట్ పొందిక. అమ్మేవారు చూపించే నమూనా రేకుతో సరిపెట్టుకోరాదు. కొనేవారు తమ రేకును, తమ డ్రాయింగును తీసుకువెళ్లి కొట్టించాలి. రంధ్రం చుట్టూ బర్ సమంగా లేక ఒక పక్కనే ఎక్కువగా వస్తే పై చక్రం, కింది చక్రం ఒకదానికొకటి సరిగా కూర్చోలేదని అర్థం. రేకు నాలుగు మూలల్లో రంధ్రాలు కొట్టించి ఐమూలగా కొలిస్తే బాల్ స్క్రూల అరుగుదల తెలిసిపోతుంది. పని చేసే యంత్రం కనీసం రెండు గంటలు ఆగకుండా నడవడం చూడాలి. హైడ్రాలిక్ యంత్రమైతే నూనె వేడెక్కిన తరువాతే దాని అసలు స్థితి బయటపడుతుంది.

పంచిలు, డైల ఖర్చును చాలామంది మరచిపోతారు. యంత్రంతో వచ్చిన పనిముట్లు ఏ తరహావో, మన దేశంలో దొరికే వాటితో సరిపోతాయో చూసుకోవాలి. రేకు మందాన్ని బట్టి డైలు మారాలి. 2 మి.మీ. ఇనుప రేకుకు డై రంధ్రం పంచి కన్నా సుమారు 0.4 మి.మీ. పెద్దదిగా ఉండాలి. ఒకే డైతో అన్ని మందాలూ లాగిస్తే బర్ పెరుగుతుంది, పంచి త్వరగా మొద్దుబారుతుంది. నాలుగు మందాల రేకు వాడేవారు ఒక్కో పంచికి ఒకటికన్నా ఎక్కువ డైలు కొనవలసిందే. దిగుమతి పత్రాలు, చార్టర్డ్ ఇంజనీరు సర్టిఫికెట్, జి.ఎస్.టి. బిల్లు సక్రమంగా లేని యంత్రానికి బ్యాంకు అప్పు దొరకడం కష్టం, తిరిగి అమ్ముకోవడమూ కష్టమే.

లేజర్ మాటేమిటి?

ఇటీవలి సంవత్సరాల్లో ఫైబర్ లేజర్ యంత్రాల ధరలు బాగా తగ్గినవి. లేజర్‌కు పంచిలు, డైలు అక్కరలేదు, ఎలాంటి వంపునైనా కోస్తుంది. రోజుకో డ్రాయింగు వచ్చే షెడ్డుకు అదే మేలు కావచ్చు. కాని లేజర్ కోయగలదే తప్ప రేకును ఉబ్బించలేదు. లూవర్లు, ఎంబాసింగ్ కావాలంటే ఆ రేకు మళ్లీ ప్రెస్సు దగ్గరకు వెళ్లవలసిందే. పైగా నైట్రోజన్, ఆక్సిజన్ ఖర్చు ఉంటుంది. ఒకే రకం రంధ్రాలు వందల్లో ఉండే వెంటిలేషన్ పలకలకు, లూవర్లు ఉండే ప్యానెల్ తలుపులకు టరెట్ ప్రెస్సు ఇప్పటికీ దీటైనదే. తన సరుకు ఈ రెండింటిలో ఏ కోవకు చెందుతుందో యజమానే నిర్ణయించుకోవాలి.

కొనకుండానే పని

పని గంటలు చాలని వారికి జాబ్ వర్కు మార్గం ఉన్నది. జి.ఎస్.టి. చట్టం ప్రకారం రేకును చలానుపై మరో యూనిటుకు పంపి, పని చేయించుకొని, ఏడాదిలోగా తిరిగి తెచ్చుకోవచ్చు. ఇలా ఆరు నెలలు బయట చేయిస్తే ఎంత బిల్లు అవుతున్నదో తెలుస్తుంది. ఆ బిల్లు కిస్తీని దాటి, పనిముట్ల ఖర్చునూ భరించగలిగే స్థాయికి వచ్చిననాడు యంత్రం కొనడం సాహసం కాదు, వ్యాపారం.

అంతకన్నా మేలైనది ఉమ్మడి సదుపాయం. సూక్ష్మ, చిన్న పరిశ్రమల క్లస్టర్ల అభివృద్ధి పథకం కింద యూనిట్లు ఒక సంస్థగా ఏర్పడి ఉమ్మడి యంత్రాల కేంద్రాన్ని నెలకొల్పుకుంటే కేంద్ర ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. పది షెడ్లు పది పాత యంత్రాలు కొని అన్నీ సగం రోజు ఖాళీగా ఉంచే బదులు, మంచి యంత్రం ఒకటి రెండు షిఫ్టులు నడవడం అందరికీ లాభం. ఎవరి పని ముందు చేయాలన్న పేచీ రాకుండా నియమాలు ముందే రాసుకోవాలి. బాలానగర్‌లోనే 1968లో నెలకొన్న కేంద్ర టూల్ డిజైన్ సంస్థ ఉన్నది. పనిముట్ల తయారీలో, సి.ఎన్.సి. పనిలో అక్కడ శిక్షణ పొందిన యువకులను ఈ షెడ్లు వినియోగించుకోవాలి. ఆపరేటర్ లేని యంత్రం అలంకారానికే పనికివస్తుంది.

అప్పు, బాకీ

చిన్న పరిశ్రమలకు తాకట్టు లేకుండా ఇచ్చే రుణాలపై గ్యారంటీ పరిమితిని 2025లో కేంద్రం ఐదు కోట్ల నుంచి పది కోట్లకు పెంచింది. ఇది స్వాగతించదగినదే. అయితే ఆ గ్యారంటీ బ్యాంకుకు రక్షణ మాత్రమే. అప్పు మాఫీ కాదు, తీర్చవలసింది యజమానే.

కిస్తీ ప్రతినెలా ఒకే తేదీకి వస్తుంది. సరుకు కొన్నవారి డబ్బు మాత్రం ఆ తేదీకి రాదు. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోగా చెల్లించాలని, ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ ఇవ్వాలని 2006 నాటి చట్టం నిర్దేశిస్తున్నది. పెద్ద కొనుగోలుదారు ఆర్డర్లు ఆపివేస్తాడన్న భయంతో ఫిర్యాదు చేయడానికి చిన్న యజమాని వెనుకాడుతాడు. బాకీలు సకాలంలో వసూలైతేనే ఎంత మంచి యంత్రానికైనా కిస్తీ కట్టడం సాధ్యం. ఈ చట్టం కాగితం మీదనే మిగిలిపోకుండా జిల్లా పరిశ్రమల కేంద్రం చొరవ తీసుకోవలసి ఉన్నది.

ఏది ఏమైనా, యంత్రం చూడటానికి వెళ్లే యజమాని చేతిలో అడ్వాన్సు చెక్కు కాదు, తన సొంత రేకు, డ్రాయింగు, ఆరు నెలల లెక్క ఉండాలి.