వంతెనకు ఒక పేరు, చిరునామాకు మరో న్యాయమా?

1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా లోక్‌సభ సభ్యుడిగానే ఉన్న గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చా అన్న వివాదాన్ని స్పీకర్ ఆయన విజ్ఞతకే విడిచిపెట్టారు. ఆ స్పీకర్ కోనసీమ బిడ్డ గంటి మోహనచంద్ర బాలయోగి. కూలిన ప్రభుత్వానికి బయటి నుంచి మద్దతిచ్చింది ఆయన సొంత పార్టీ తెలుగుదేశమే.

1951లో ఎదుర్లంకలో పుట్టిన బాలయోగి న్యాయవాదిగా, తూర్పు గోదావరి జిల్లా పరిషత్ అధ్యక్షుడిగా ఎదిగారు. 1991లో అమలాపురం రిజర్వుడు స్థానం నుంచి లోక్‌సభకు వెళ్లారు. 1998లో తొలి దళిత స్పీకర్ అయ్యారు. 1999లో ఏకగ్రీవంగా మళ్లీ ఎన్నికయ్యారు. 2002 మార్చి 3న కైకలూరు వద్ద హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. రిజర్వేషన్ వల్ల ప్రతిభ నశిస్తుందనే వాదనకు ఈ జీవితమే జవాబు.

అయినా 2022 మే 24న, జిల్లాకు అంబేడ్కర్ పేరు వద్దంటూ సాగిన ఆందోళనలో అదే అమలాపురంలో దళిత మంత్రి ఇంటికి నిప్పు పెట్టారు. ఎదుర్లంక–యానాం వారధికి బాలయోగి పేరే ఉంది. వంతెనను దాటిపోవచ్చు, జిల్లా పేరును మాత్రం ప్రతి ఒక్కరూ తమ చిరునామాలో రాసుకోవాలి. అసలు అభ్యంతరం అక్కడే ఉంది. బాలయోగిని మావాడని చెప్పుకునే కోనసీమ ఆ గర్వానికి అర్హత సంపాదించుకోవలసింది కూడా అక్కడే.