ఆ కొత్తాయన ఎవరు?

2012లో మెటల్ బ్యాండ్ స్లేయర్ బెంగళూరు వచ్చింది. హైదరాబాదు నుంచి రాత్రి బస్సెక్కి వెళ్లిన నల్ల టీషర్టుల గుంపులో నేనూ ఉన్నాను. వేదిక మీద జెఫ్ హానెమన్ ఉండాల్సిన చోట మరొకాయన గిటార్ వాయిస్తున్నాడు. మాతో వచ్చిన కుర్రాడు నా చెవిలో నోరుపెట్టి అరిచాడు: "అన్నా, ఆ కొత్తాయన ఎవరే?"

కొత్తాయనట! గ్యారీ హోల్ట్. అప్పటికి ముప్పై ఏళ్లుగా ఎక్సోడస్ అనే బ్యాండ్‌ను భుజాన మోస్తున్న మనిషి. ఆ హోరులో ఏం చెప్తాను? ఊరుకున్నాను గానీ, ఆ ప్రశ్న తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

థ్రాష్ మెటల్ అనగానే అందరూ నాలుగు వేళ్లు మడుస్తారు: మెటాలికా, స్లేయర్, మెగాడెత్, ఆంత్రాక్స్. 'బిగ్ ఫోర్' అంటారు. 2010లో వార్సాలో ఈ నాలుగు బ్యాండ్లూ తొలిసారి ఒకే వేదికెక్కాక ఆ లెక్క శిలాశాసనమైపోయింది. ఐదోది మాదేనని ఎక్సోడస్ అభిమానులం గొణుక్కుంటూ ఉంటాం. నాకా బేరం కూడా నచ్చదు. నాలుగు విస్తళ్లు వేసి వడ్డించారు, సరే. వాటిలో రెండింటిలో ఉన్న కూర ఎవరింట్లో ఉడికిందో అడిగినవాడు లేడు. ఇదీ నా గోడు.

శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి తూర్పు గట్టున రిచ్‌మండ్ అనే ఊరుంది. అక్కడి హైస్కూలు స్నేహితులు కిర్క్ హ్యామెట్, టామ్ హంటింగ్ 1980 ప్రాంతంలో పెట్టుకున్న బ్యాండే ఎక్సోడస్. హోల్ట్ మొదట్లో వీళ్ల సామాన్లు మోసేవాడు. గిటార్‌లో ఓనమాలు దిద్దించింది హ్యామెట్టే. 1983 ఏప్రిల్‌లో మెటాలికా తన గిటారిస్టు డేవ్ మస్టేన్‌ను వెళ్లగొట్టి హ్యామెట్‌కు కబురంపింది. వెళ్లాడు. వట్టి చేతులతో వెళ్లలేదు. ఎక్సోడస్‌లో 'డై బై హిజ్ హ్యాండ్' పాటకు కట్టిన రిఫ్ (పదే పదే తిరిగొచ్చే గిటార్ వరస) ఒకటి మరుసటి ఏడాది మెటాలికా 'క్రీపింగ్ డెత్' పాట నడుమకు వచ్చి కూచుంది. స్టేడియాల్లో వేలమంది పిడికిళ్లెత్తి ఒక్క గొంతుతో అరిచే చోటు అదే. హ్యామెట్‌ను తప్పుపట్టను, కట్టింది ఆయనే. కానీ అరిచేవాళ్లలో ఎంతమందికి దాని పుట్టిల్లు తెలుసు?

పోయినవాడి చోటు ఖాళీగా ఉండలేదు. సామాన్లు మోసిన హోల్ట్ పాటలు కట్టేవాడయ్యాడు. పక్కన రిక్ హునోల్ట్ చేరాడు. అరచేతి అంచును తీగల మొదట్లో ఆనించి, పైనుంచి కిందికే కొడుతూ వేగంగా పోతే తీగ మోగదు, రంపంలా కోస్తుంది. థ్రాష్‌కు ఊపిరి ఆ కోత. అది చాలామందికి వచ్చు. ఇద్దరు మనుషులు ఒకే చేత్తో కోసినట్టు కోయడం, మళ్లీ మధ్యలో విడిపోయి, తని ఆవర్తనంలో మృదంగమూ ఘటమూ మాటకు మాట అప్పగించుకున్నట్టు సోలోలు అందించుకోవడం వీళ్ల దగ్గరే వినాలి. గాయకుడు పాల్ బేలాఫ్‌కు పాడటం రాదన్నవాళ్లున్నారు. రాకపోవచ్చు. వీధి కొట్లాటకు దిగినవాణ్ణి శ్రుతి అడుగుతామా?

వీళ్ల తొలి ఆల్బం 'బాండెడ్ బై బ్లడ్' 1984 వేసవిలోనే రికార్డయింది. అట్ట మీది బొమ్మ దగ్గర, పేరు దగ్గర గొడవలొచ్చి 1985 ఏప్రిల్‌దాకా బయటికి రాలేదు. ఈలోగా క్యాసెట్లు చేతులు మారుతూనే ఉన్నాయి. తీరా ఆల్బం దుకాణానికి చేరేసరికి, బర్క్‌లీలో రూథీస్ ఇన్ అనే చిన్న క్లబ్బులో వీళ్లు పుట్టించిన వేడిని మిగతావాళ్లు ఊరూరా పంచేశారు. ఆ తొమ్మిది నెలలే ఈ బ్యాండ్ నొసటి రాత. ముందు పండించినవాడు సంతకు ఆలస్యంగా వస్తే, ధర పలికేది పక్కవాడి బస్తాకే.

వీళ్ల తప్పులు లేవనను. 1986లో బేలాఫ్‌ను తీసేశారు. లెగసీ అనే బ్యాండ్ నుంచి స్టీవ్ సౌజాను తెచ్చుకున్నారు. ఆ లెగసీయే తర్వాత టెస్టమెంట్ అయింది. 1989లో 'ఫ్యాబ్యులస్ డిజాస్టర్' లాంటి మంచి ఆల్బం చేశారు. క్యాపిటల్ రికార్డుల కంపెనీ చేతికెళ్లాక చేసిన రెండూ నేను కూడా పనిగట్టుకుని వినను. మత్తుమందులు తిన్నారు, బ్యాండ్ విరిగింది, అతికింది, మళ్లీ విరిగింది. 2002లో బేలాఫ్ పక్షవాతం వచ్చి నలభై ఒక్క ఏళ్లకే పోయాడు. ఇంకొకరైతే అక్కడితో తలుపులు మూసుకునేవారు. రెండేళ్లకు 'టెంపో ఆఫ్ ది డ్యామ్డ్' వచ్చింది. ఇరవై ఏళ్లనాటి వాళ్ల కోపం వడ్డీతో సహా అందులో ఉంది.

2011లో హానెమన్ చెయ్యి పాడైనప్పుడు స్లేయర్ పిలిచింది కూడా హోల్ట్‌నే. 2013లో హానెమన్ పోయాక ఆ చోటు హోల్ట్‌కే మిగిలింది. 2019లో స్లేయర్ వీడ్కోలు చెప్పేదాకా, ఎక్సోడస్ పని ఆపకుండానే, అవతలి ఇంటి దీపమూ ఆరకుండా చూశాడు. హ్యామెట్‌ను ఇచ్చి ఒక ఇల్లు నిలబెట్టి, హోల్ట్‌ను ఇచ్చి ఇంకో ఇల్లు నిలబెట్టిన బ్యాండ్‌ను ఇప్పటికీ 'ఒకప్పుడు కిర్క్ హ్యామెట్ ఉన్న బ్యాండ్' అనే పరిచయం చేస్తారు. రామయ్య కొడుకు అనడం విన్నాం గానీ, తండ్రిని పట్టుకుని ఫలానా కుర్రాడి నాన్న అంటే ఎట్లా ఉంటుంది?

టామ్ హంటింగ్ సంగతి చెప్పకపోతే ఈ గోడు పూర్తి కాదు. రిచ్‌మండ్ బడిలో మొదలైన ఆ డ్రమ్మరుకు 2021లో క్యాన్సరొచ్చింది. జులైలో ఆపరేషన్‌లో జీర్ణాశయం మొత్తం తీయించుకున్నాడు. కొన్ని నెలలకే డ్రమ్స్ ముందు కూచున్నాడు. ఆ నవంబర్‌లో 'పెర్సోనా నాన్ గ్రాటా' విడుదలైంది. అంటే రావొద్దన్న మనిషి. ఏం ఆలోచించి పెట్టుకున్నారో గానీ, ఈ బ్యాండ్‌కు ఇంతకన్నా నప్పే పేరు నాకు తోచదు.

ఆ రాత్రి తిరుగు బస్సులో కుర్రాడికి నా ఇయర్‌ఫోన్స్ ఇచ్చి 'బాండెడ్ బై బ్లడ్' పెట్టాను. ఏమీ చెప్పలేదు. అనంతపురం దగ్గర బస్సు ఆగితే టీకి కూడా దిగలేదు. కర్నూలు దాటాక నిద్రపోతున్న నన్ను తట్టి లేపి, "అన్నా, ఇది ఏ సంవత్సరంది?" అన్నాడు.