‘అస్పష్టము’ అను మాట

ఎఱ్ఱసిరాతో ‘అస్పష్టము’ అని వ్రాయని తెలుగు ఉపన్యాసకుడు అరుదు. మొన్న నేనును ఒక విద్యార్థి కవితపై వ్రాసితిని. అతడు అలుగలేదు. మరునాడు ఒక ఇంగ్లీషు పాటల ఆల్బము తెచ్చి, “దీనిని గూడ ఒకప్పుడు ఇట్లే అన్నారండీ” అని ఇచ్చి పోయెను.

ఆ ఆల్బము పేరు ‘సువ్లాకి’. ఇంగ్లండులోని రెడింగు పట్టణమున 1989లో వెలసిన స్లోడైవ్ బృందము దానిని 1993లో వెలువరించినది. గిటారు నాదమును విద్యుత్పరికరముల గుండ నడిపి, ప్రతిధ్వనులను పొరలుగా పేర్చి, కంఠములను అందులో సగము ముంచుట వారి పద్ధతి. ఆ పరికరములు కాళ్లకడ నుండును. వానిని త్రొక్కుటకు వాదకులు తల వంచి నిలుతురు. అందుచేత పత్రికలవారు ఈ బాణీకి ‘షూగేజ్’ అని, అనగా బూట్ల వంక చూచుట యని, వెక్కిరింతగా పేరు పెట్టిరి.

తొలుత ఈ బృందమును మెచ్చినదియు ఆ పత్రికలే. 1993 నాటికి గాలి మారినది. అమెరికానుండి నిర్వాణా వారి ఆక్రోశము వచ్చినది. ఇంగ్లండులోనే స్వీడ్ బృందము వెలుగునకు వచ్చినది. అందరును కేకలు కోరుచుండగా వీరు గుసగుసలాడిరి. ఈ ఆల్బమును మరల వినుటకన్న జావ నిండిన తొట్టిలో మునిగి చచ్చుట మేలని ‘మెలొడీ మేకర్’ సమీక్షకుడు వ్రాసెను. తమకు హిట్లరుకన్న స్లోడైవే ఎక్కువ ద్వేష్యమని మానిక్ స్ట్రీట్ ప్రీచర్స్‌కు చెందిన రిచీ ఎడ్వర్డ్స్ అంతకు ముందే అనియుండెను! చమత్కారములే, కాదనను. కాని వానినుండి ఏ పాట ఎందుచేత చెడినదో తెలియునా? మన అక్కిరాజు ఉమాకాంతముగారు 1928లో ‘నేటి కాలపు కవిత్వం’ వ్రాసి భావకవులను దుయ్యబట్టిరి. అయినను లక్షణము చెప్పి, ఉదాహరణము చూపి తప్పు పట్టిరి. ఒప్పుకొననివారు ఆయనతో వాదింపవచ్చును. జావతొట్టితో ఏమి వాదింతుము?

మూడు రాత్రులు ఆ ఆల్బమును వింటిని. మాటలు చాలచోట్ల చెవికందవు. అందినచోట గొప్ప కవిత్వమనజాలను. ‘సువ్లాకి స్పేస్ స్టేషన్’లో పరికరముల మోజు పాటను మ్రింగినది. ఇక చివరి పాట ‘డాగర్’. అంతవరకు క్రమ్మిన మంచు అందులో తొలగి, గిటారును కంఠమును దాదాపు ఒంటరిగా వినబడును. గాయకులు నీల్ హాల్‌స్టెడ్, రేచల్ గాస్‌వెల్ ప్రేమికులై విడిపోయినవారు. ఆ దుఃఖము ఇందలి కొన్ని పాటలకు మూలము. విప్పి చెప్పుట చేతనైనవారే తక్కినచోట్ల చెప్పక దాచిరని అప్పుడు నాకు తోచినది. ధ్వనిని కావ్యాత్మ యని పాఠము చెప్పు నాకు ఇది తట్టుటకు మూడు రాత్రులు పట్టినది.

1995లో మూడవ ఆల్బము వెలువడినంతనే క్రియేషన్ సంస్థ వారిని వదలుకొన్నది, బృందము చెదరినది. 2014లో మరల కూడిరి. 2016లో పిచ్‌ఫోర్క్ పత్రిక షూగేజ్ ఆల్బములను ఎంచి ‘సువ్లాకి’కి రెండవ స్థానమిచ్చినది. ఈ పొగడ్తను గూడ నేను పూర్తిగా నమ్మను. నాడు గాలివాటున తిట్టినవారున్నట్లే నేడు గాలివాటున పొగడువారును ఉందురు.

విద్యార్థి కవితను మరల తీసి చదివితిని. నాలుగవ చరణము నిజముగనే అస్పష్టము. అక్కడ అతనికే భావము తెగలేదు. మొదటి మూడును అట్లు కావు. అవి నేను బస్సులో చదివినవి. సోమవారము పిలిచి, ఈ రెండు సంగతులును అతనితో చెప్పవలెను.